ఐసుపెట్టెలో ఉడకపోత

ప్రొద్దుటూరు మొయిన్‌కు దెయ్యమంటే నవ్వు. శవాలను పండబెట్టే ఐసుపెట్టెలు బాడుగకిచ్చేవాడికి భయమేముంటుంది? ఎండాకాలం మధ్యాన్నాలు ఆ పెట్టెకు వీపానించి కునుకు తీసే రకం. అంత గుండె ఉన్న మగవాడు కడప జిల్లాలో ఇంకొకడుంటే నా మీసం తీసి పెన్నలో పారేస్తా.

చావింట్లో ఆడవాళ్లు పెట్టె చుట్టూ కూర్చుని ఏడుస్తుంటే, మధ్యలో దూరి వెనకున్న చలి మీటరు చూడటం మాత్రం మొయిన్‌కు నామోషీగా ఉండేది. అందుకని మీటరు పీకేసి, ఆ జాగాలో ఒక చిన్న బోర్డు బిగించినాడు. దాంట్లో చిప్పు, పెట్టెలోకి దూర్చిన తీగతో లోపలి చలిని కొలిచి, పక్కనున్న బ్లూటూత్ ముక్కకు అంకె చెప్తుంది. ఆ ముక్క ఫోనుకు చేరేస్తుంది. తాను షామియానా కింద కూర్చునే చూసుకోవచ్చు.

అంగట్లో ఒక్క నిమిషం పరీక్ష చేస్తే అంకెలు ముత్యాల్లా వచ్చినాయి. అంతకన్నా ఎక్కువసేపు నడపలేదు. ఖాళీ ఐసుపెట్టెను నడిపితే అది మనిషిని అడుగుతుందని ఆ బాడుగలోళ్ల నమ్మకం. జమ్మలమడుగులో ఒకాయన పంతానికి నడిపితే, అది చల్లబడేలోపలే సొంత మామ వచ్చి దాంట్లో పండుకున్నాడంట.

ఆ బోర్డు పెట్టిన పెట్టె మొదట పోయింది పులివెందుల అవతల, సింహాద్రిపురం దగ్గరి పల్లెకు. చనిపోయింది చీనీతోటల ఆదినారాయణ, బత్తాయి రైతు. కూతురు చందన కువైట్‌లో వంటపని చేస్తుంది. చెన్నైలో దిగి ఇల్లు చేరేసరికి మర్నాడు పొద్దున అవుతుంది. నాయన మొగం చూడకుండా ఎత్తొద్దని ఫోన్లో ఒకటే ఏడుపు. బిడ్డ వచ్చేదాకా మూత తీయనిచ్చేది లేదని తల్లి యశోదమ్మ పెట్టె పక్కనే కూర్చుంది.

మిట్టమధ్యాన్నం మొయిన్ ఫోను తీస్తే అంకెలు లేవు. ఖాళీ డబ్బాలు, తలకిందుల ప్రశ్నగుర్తులు, ఏ దేశానివో తెలియని అక్షరాలు వరసగా పడుతున్నాయి. లోపలికి పోయి చూస్తే అద్దానికి లోపలినుంచి ఆవిరి పట్టి ఉంది, ఎవరో ఊపిరి వదిలినట్టు. మొగం కంటికి ఆనడం లేదు.

గడప దగ్గరికి ఆదినారాయణ తమ్ముడు ఓబులరెడ్డి వచ్చినాడు.

"ఏమప్పా, పెట్టె పని చేస్తాండాదా?"

"చేస్తాండాది మామా. మోటరు శబ్దం వస్తాంది గదా."

"శబ్దం మా బోరుకూ వస్తాది. నీళ్లు పడొద్దా? ఈ ఎండకు మనిషి ఉబ్బితే ఆ బిడ్డ వచ్చి సూసేదేంది? లోపల సలి ఎంతుందో చెప్పలేవంటే చెప్పు, పొద్దు గూకకముందే ఎత్తేస్తాం."

మొయిన్ వైర్లు బిగించినాడు. ఆపి మళ్లీ వేసినాడు. చిప్పు పంపే వేగమూ బ్లూటూత్ ముక్క అందుకునే వేగమూ ఒకటిగానే పెట్టినానా అని చూసినాడు. ఒకటే. తెరమీద మాత్రం అవే పిచ్చిగీతలు.

"ఇటియ్యప్పా" అని యశోదమ్మ ఫోను తీసుకుంది. ఆమెకు చదువు రాదు. తెరను శానాసేపు చూసింది.

"పక్షవాతం వచ్చినకాడ్నుంచీ ఆయన మాట ఇట్లే ఉండేది. ముక్కలు ముక్కలు. మీకంతా గొణుగుడు, నాకు మాటలే."

"ఇది మిషను పెద్దమ్మా."

"నోరు మాత్రం మిషను గాదా?" ఇంకా కిందికి చూసి, మెల్లగా అనింది. "ఉడకపోస్తాందంటాండాడు."

ఆ మాట పూర్తికాకముందే తెరమీద ఇంకొక వరస పడింది.

మొదట్లో మొయిన్ గుండె గురించి ఏదో గొప్ప చెప్పినట్టున్నాను. వదిలేయండి. ఒక చెప్పు అక్కడే విడిచి చీనీతోట దాకా ఉరికినాడు. మీసం సంగతి తర్వాత మాట్లాడుకుందాం.

తోట గట్టుమీద వాని బోసికాలు చుర్రుమని కాలింది. ఆ కాలును ఎత్తి పట్టుకుని కొంగ మాదిరి నిలబడినప్పుడు బుర్ర పనిచేసింది. బోర్డును తాను కట్టింది యాడ? కంప్రెసర్ పక్కనే, పొయ్యి గడ్డమీద కట్టినట్టు. అంగట్లో అది కాగేదాకా నడపలేదు. పైగా, చిప్పు వేగాన్ని తాళం తప్పకుండా నిలబెట్టే క్రిస్టల్ వేయకుండా, దాని లోపలి తాళమే చాలులే అనుకున్నాడు. వేడికి ఆ తాళం తప్పుతుంది. చెక్కభజనలో ఒకడు తొందరపడితే చెక్కలు ఎట్ల గలగలమంటాయో, చిప్పు ఒక వేగంలో చెప్తుంటే బ్లూటూత్ ముక్క ఇంకొక వేగంలో వింటాంది. అంకె చెడి గీతలైనాయి.

కుంటుకుంటూ వచ్చినాడు. చలి కొలిచే తీగ కొన లోపలే ఉంచి, బోర్డును వైర్లతోనే బయటికి లాగి, ప్లాస్టిక్ కవరులో చుట్టి, నీళ్లకుండకు ఆనించి పట్టుకున్నాడు. యశోదమ్మ కదలకుండా చూస్తాంది. గీతల మధ్య ఒక అంకె మెరిసింది, మళ్లీ మాయమైంది. కాసేపటికి డబ్బాలన్నీ పోయి అంకె తేటగా నిలిచింది. ఐదు.

"ఎంతప్పా?" అన్నాడు ఓబులరెడ్డి గడప అవతలినుంచి.

"ఐదు మామా. రేపటిదాకా దిగులే లేదు." మొయిన్ ఫోను జేబులో పెట్టుకున్నాడు.

వాళ్లు ఎత్తడం మానుకున్నారు. కరెంటు నీరసంగా వస్తుంటే, మొయిన్ గోనెసంచులు తడిపి కంప్రెసర్ దగ్గర ఆరనీయకుండా కప్పుతానే ఉన్నాడు.

పొద్దున చందన కారు దిగి, పెట్టెమీద పడింది. మూత తీసినారు. ఆదినారాయణ అప్పుడే కన్నుమూసినవాని మాదిరి ఉన్నాడు. నుదుటిమీద మాత్రం సన్నగా తడి. ఆమె పైటకొంగుతో తుడిచి, నాయన చెంపమీద చెయ్యి పెట్టుకుని కూర్చుంది. ఎవరూ తొందర చేయలేదు.

ఇందులో నేను కల్పించింది ఒకటే, తేటపడిన అంకె. కుండ దగ్గర ఫోన్లో నిలిచింది ఐదు కాదు, పదిహేడు. ఐదని పైకి చెప్పింది మొయిన్. అంత వేడిలో ఏ శవమూ తెల్లారేదాకా ఆగదని వానికి తెలుసు. యశోదమ్మ చెవిలో మాత్రం నిజం చెప్పినాడు. "ఆగుతాడులే నాయనా" అనిందంట ఆమె.

ఆగినాడు. అది కల్పించేంత తెలివి నాకు లేదు.