పెట్రోల్లో నీళ్లు

సిస్టర్ భర్తకూ, ఆమె అన్నయ్యకూ మధ్య ఆస్తి తగాదాలు లేవు, మాటపట్టింపులు లేవు. ఉన్నదల్లా బళ్ల గొడవ. భర్తది డేగ. అన్నయ్యది జింక. ట్యాంకు మీదుండే బొమ్మలను బట్టి ఆ రెండు కంపెనీల మోటారు సైకిళ్లనూ అందరూ అలాగే పిలిచేవారు. ఆదివారం మధ్యాహ్నం రెండు కుటుంబాలూ సిస్టర్ ఇంట్లో ఒకే బల్ల దగ్గర భోజనానికి కూర్చుంటే, మొదటి ముద్ద నోట్లోకి వెళ్లకముందే ఒకరు రెండోవారి బండి ఆరోగ్యం గురించి ఆరా తీసేవారు. ఇక అంతే. ఇద్దరి చేతులూ గాల్లో తిరిగేవి. వదిన ముందుజాగ్రత్తగా గిన్నెలు తన వైపు లాక్కునేది.

"డేగ ఎవరినీ రోడ్డు మీద వదిలెయ్యదు బావా," అనేవాడు భర్త.

"మరి మొన్న వంతెన దగ్గర తోసుకుంటూ కనిపించావే?"

"అది బండి తప్పు కాదు. పెట్రోల్లో నీళ్లు కలిశాయి."

"నీళ్లు కలిసింది పెట్రోల్లో కాదు బావా, నీ కంపెనీలో."

డేగ ఎప్పుడు మొరాయించినా ఆయన నోట ఆ ఒక్క మాటే. నడి ఎండాకాలంలో, మబ్బు తునక కూడా కనిపించని రోజుల్లో ఆ నీళ్లు ఎక్కడినుంచి వచ్చి కలిసేవో ఆయనకే తెలియాలి.

మనుషులు ఇంతగా కంపెనీలను ఎందుకు వెనకేసుకొస్తారో ఒక పట్టాన అర్థం కాదు. ఆ కంపెనీ యజమాని వీళ్ల మొహమైనా ఎరగడు. బండి అమ్మిన మర్నాడే మర్చిపోయి ఉంటాడు. కానీ సిస్టర్ భర్త పసివాడుగా ఉన్నప్పుడు వాళ్ల నాన్న డేగ ట్యాంకు మీద కూర్చోబెట్టుకుని తిప్పాడు. అన్నయ్య మొదటి జీతంతో కొనుక్కున్నది జింక. ఇద్దరూ వెనకేసుకొచ్చింది ఇనుమునో రబ్బరునో కాదు. ఆ సంగతి అడిగితే మాత్రం ఇద్దరూ మైలేజీ లెక్కలే చెప్పేవారు.

సిస్టర్ ఇంటింటికీ వెళ్లి చూసే నర్సు. మంచం దిగలేని వాళ్లకు కట్లు మార్చడం, సూదులు వెయ్యడం, ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చిన వాళ్ల కుట్లు చూడడం ఆమె పని. రోగులంతా ఆమెను సిస్టర్ అనే పిలిచేవారు. వీధిలో వాళ్లకు కూడా అదే అలవాటైపోయింది. ఆ ఉద్యోగంలో చేరినప్పుడు భర్త తన డేగ తాళం ఆమె చేతిలో పెట్టి, తాను ఫ్యాక్టరీకి బస్సెక్కాడు. మొదట్లో ఒకటి రెండుసార్లు ఆగింది. ఆ తర్వాత ఇక ఏళ్ల తరబడి ఆ బండి ఆగిన పాపాన పోలేదు. ఆదివారాల్లో ఆయనకు పట్టపగ్గాలు ఉండేవి కావు.

"నీ చెల్లెల్నే అడుగు బావా. ఈ ఏడాది ఒక్కసారైనా ఆగిందా?"

"లేదన్నయ్యా, ఆగలేదు," అనేది సిస్టర్ నిజాయితీగా.

అన్నయ్య తల వంచుకుని, "సరేలే, నువ్వే గెలిచావు," అని అన్నం కలుపుకునేవాడు. అంతటి మొండివాడు అంత సులువుగా ఎలా లొంగిపోతున్నాడో సిస్టర్‌కు వింతగానే ఉండేది.

కిందటేడు భర్త పోయాడు. ఫ్యాక్టరీలో మిషను ముందు నిలబడ్డవాడు నిలబడ్డట్టే కూలిపోయాడు. ఆదివారం భోజనాలు ఆగలేదు గానీ, బల్ల దగ్గర ఆయన కుర్చీలో ఎవరూ కూర్చునేవారు కాదు, బళ్ల మాట ఎవరూ ఎత్తేవారు కాదు.

ఏడాది కావస్తుండగా సిస్టర్‌కు ఒక ఆలోచన వచ్చింది. ఆయన ప్రాణంగా చూసుకున్న బండికి పూర్తి సర్వీసు చేయించాలి. మెకానిక్ దగ్గర నిలబడి మరీ చెప్పింది.

"బయటి సామాను ఒక్కటి కూడా దీంట్లో ఉండకూడదు. ఏది వేసినా డేగ కంపెనీదే వెయ్యి. ఆయనకు అదే ఇష్టం."

మెకానిక్ చెప్పినంతా చేశాడు. తీసేసిన పాత సామానంతా ఒక సంచిలో వేసి ఇచ్చాడు. నిజంగానే మార్చానని నమ్మకం కలగడానికి అందరికీ అలా ఇవ్వడం అతని పద్ధతి. సిస్టర్ సంచి విప్పను కూడా విప్పలేదు. ఇంటి వెనక మేకుకు తగిలించి, బండిని తళతళలాడేలా తుడుచుకుంది. ఆయనకు ఇవ్వగలిగింది ఇచ్చానన్న తృప్తితో ఆ రోజు హాయిగా నిద్రపోయింది.

ఆ వారంలోనే డేగ నడిరోడ్డు మీద ఆగిపోయింది. అరగంట పరుగెత్తాక, ఇంజను బాగా వేడెక్కాక, దగ్గు కూడా లేకుండా చప్పున ఆరిపోయింది. చల్లబడ్డాక తనంత తానే స్టార్టయింది. మర్నాడూ అదే వరస. మెకానిక్ చూసినప్పుడు మాత్రం బుద్ధిమంతురాలిలా నడిచేది. ప్లగ్గు మార్చాడు, పెట్రోలు గొట్టం మార్చాడు, చివరికి చేతులెత్తేశాడు.

ఇది ఆమె ఒక్కదాని అవస్థ అయితే ఓర్చుకునేది. ఊరి చివర ఒక డ్రాయింగ్ మాస్టారు ఉండేవాడు. ఒంటరివాడు, కాలికి మానని పుండు. పొద్దున్నే సిస్టర్ వచ్చి ఇన్సులిన్ వేస్తే గానీ పచ్చి మంచినీళ్లు తప్ప ఏదీ ముట్టేవాడు కాదు. ముందు ఏదైనా తినమని ఎన్నిసార్లు చెప్పినా వినేవాడు కాదు. ఒక రోజు డేగ పుణ్యమా అని ఆమె వెళ్లేసరికి బాగా పొద్దెక్కింది. తలుపు తీసే ఉంది. మాస్టారు గుమ్మం దగ్గరే నేల మీద, గోడకు చేరగిలబడి ఉన్నాడు. కళ్లు తెరిచే ఉన్నాయి గానీ ఆమెను గుర్తుపట్టలేదు. రాత్రి వేసుకున్న మందుకు తోడు కడుపు ఖాళీగా ఉండి ఒంట్లో చక్కెర పడిపోయిందని, సిస్టర్ పంచదార నీళ్లు చెంచాతో పట్టించింది. కాసేపటికి ఆయన తేరుకుని, "బండి మళ్లీ ఆగిందా అమ్మా?" అని అడిగాడు. ఆ అడగడంలో నిష్ఠూరం లేదు. అందుకే ఆమెకు మరీ సిగ్గనిపించింది.

ఆ సాయంత్రమే ఆఫీసు సూపర్‌వైజర్ పిలిచింది. మంచిగానే చెప్పింది. ఇంకొక్కసారి ఇలా జరిగితే ఆమెను ఆఫీసులో కూర్చోబెట్టి, ఆమె రోగులను వేరేవాళ్లకు అప్పగించాల్సి వస్తుందంది. సిస్టర్‌కు ఆ పనే ఊపిరి. అది పోతే పొద్దున్నే లేవడానికి కారణం కూడా ఉండదు.

సంగతి విని అన్నయ్య వచ్చాడు.

"ఇంక చాల్లే చెల్లీ. ఒక జింక తీసుకో. నేనే వెంట వచ్చి ఇప్పిస్తాను."

సిస్టర్‌కు ఎక్కడ లేని కోపం వచ్చింది. "ఆయన ఉన్నన్నాళ్లూ గెలవలేకపోయావు. ఇప్పుడు ఎదురుచెప్పే మనిషి లేడని గెలుద్దామనుకుంటున్నావా?"

అన్నయ్య ముఖం చిన్నబోయింది. బండి చుట్టూ ఒకసారి తిరిగాడు. వంగి, ట్యాంకు కింద చెయ్యి పెట్టి ఏదో తడిమాడు. సీటు ఎత్తి చూశాడు. ఎత్తిన సీటును అలాగే పట్టుకుని నిలబడిపోయాడు.

"సర్వీసులో ఏం మార్చారు?"

"అన్నీ. బయటి సామాను ఒక్కటి లేకుండా తీయించేశాను."

"తీసేసినవి ఏవీ?"

ఆమె మేకుకున్న సంచి తెచ్చి అతని ముందు కుమ్మరించింది. అరిగిన బ్రేకులు, చెయిను, మసిబారిన ప్లగ్గు. వాటి మధ్య అరచేతిలో ఇమిడే నల్లటి కాయిలు ఒకటి. ప్లగ్గుకు నిప్పురవ్వ అందించేది అదే. దాని తీగకు ఎర్ర టేపు చుట్టి ఉంది. ఇంట్లో ఇస్త్రీపెట్టె తీగకు, రేడియో తీగకు ఉన్నటువంటి టేపే, అలాగే వాలుగా, పొర మీద పొరగా చుట్టింది. అది ఎవరి చెయ్యో సిస్టర్‌కు ఒకరు చెప్పనక్కర్లేదు. కాయిలును తిప్పి చూసింది. వెనకవైపు అచ్చులో పోసిన జింక బొమ్మ ఉంది.

"అన్నయ్యా, ఏమిటిది?"

అన్నయ్య మెట్టు మీద కూలబడ్డాడు. "నువ్వు పనిలో చేరిన కొత్తలో వానలో ఆగిపోయావు, గుర్తుందా? కట్టు విప్పి పెట్టుకుని నీ కోసం చూస్తున్న పిల్ల దగ్గరికి నడుచుకుంటూ వెళ్లావు. ఇంటికొచ్చి ఏడ్చావట."

"ఆయన పెట్రోల్లో నీళ్లన్నారు."

"మర్నాడు తెల్లారకముందే మా ఇంటికొచ్చాడు. నా మొహంలోకి చూడకుండా, 'బావా, నీ జింక కాయిలు దీనికి పడుతుందా?' అన్నాడు. డేగ కాయిలు ఇంజను పక్కనే ఉంటుంది, వేడికి చచ్చిపోతుంది. ఆ సంగతి ఆయనకు ఎప్పుడో తెలుసు. తను తోసుకున్నన్నాళ్లూ ఫర్వాలేదనుకున్నాడు. ఇద్దరం కలిసి సీటు కింద రేకుముక్క కొట్టి, దాని మీద జింకది బిగించాం. పోతూ పోతూ, 'ఈ మాట మీ చెల్లికి చెప్పకు. ఆదివారం మాత్రం నేను ఎప్పట్లాగే వాగుతాను, నువ్వు ఓర్చుకోవాలి,' అన్నాడు."

"నువ్వు ఓర్చుకున్నావా?"

"ఓర్చుకున్నాను."

"ఇన్నేళ్లూ? చేతిలో జవాబు పెట్టుకుని ఓడిపోతూ కూర్చున్నావా?"

"ఓడితే నాకేం పోయింది చెల్లీ? నువ్వు వేళకి ఇల్లు చేరుతున్నావుగా."

ఆమె ఎర్ర టేపును వేలితో తడుముతూ అడిగింది. "మరి ఆయన పోయాకైనా చెప్పొచ్చుగా?"

"మాట తీసుకున్న మనిషి లేడు. ఇంక ఎవరు వదిలేయమంటే ఆ మాట వదిలెయ్యను?"

సిస్టర్‌కు ఏడుపొచ్చింది. కాయిలును ఒళ్లో పెట్టుకుని, మెట్టు మీద అన్నయ్య పక్కనే కూర్చుని ఏడ్చింది. ఆయన గుర్తుగా బండిని శుభ్రం చెయ్యబోయి, ఆయన తన కోసం చాటుగా చేసిన పనిని తానే పీకి అవతల పారేయించింది. ఆయన మాటనే పట్టుకుంది గానీ, ఆ మాట వెనక ఆయన ఏం చేశాడో ఎన్నడూ చూడలేదు. అంత పంతం మనిషి తన పంతాన్ని తన చేత్తోనే విప్పి, పైకి కనపడకుండా సీటు కింద దాచాడు. ఎర్ర టేపు చుట్టి మరీ దాచాడు.

దీపాలు పెట్టేలోగా అన్నయ్య కాయిలు మళ్లీ బిగించాడు. మర్నాడు పొద్దున్న డేగ ఎక్కడా ఆగలేదు. డ్రాయింగ్ మాస్టారు గుమ్మంలో నిలబడి, ఆమె వచ్చిన వేళకు గడియారం సరిచేసుకుంటున్నట్టు నటించాడు.

అయినా సిస్టర్ ఆలోచిస్తూనే ఉంది. బండి పాతబడింది. ఈరోజు కాయిలు, రేపు ఇంకొకటి. తాను డేగ మీదే తిరగాలని ఆయన ఎన్నడూ అనుకోలేదు, ఎక్కడా ఆగకూడదని అనుకున్నాడు. ఆ తేడా బోధపడ్డాక ఆమెకు జింక షోరూము మెట్లెక్కడం కష్టమనిపించలేదు.

"మరి డేగనేం చేస్తావు?" అన్నాడు అన్నయ్య, ఎటో చూస్తూ.

"ఎవరైనా అడిగితే ఇచ్చేస్తాను."

"నేను అడుగుతున్నాను."

తీసుకెళ్లేముందు అన్నయ్య సీటు ఎత్తి, జింక కాయిలు విప్పి ఆమె చేతిలో పెట్టాడు. కంపెనీ కాయిలును ఇంజను పక్కన దాని పాత చోటే బిగించాడు.

"ఆగిపోతుంది అన్నయ్యా."

"ఇది నీ కోసం పెట్టింది, నీ దగ్గరే ఉండాలి. నా సంగతి నేను చూసుకుంటాను."

ఆ ఆదివారం వదిన ఒక్కతే జింక మీద ముందుగా వచ్చేసింది. అన్నయ్య జాడ లేదు. వడ్డనలయ్యాయి. అన్నం చల్లారిపోతోంది. కిటికీలోంచి చూస్తే వీధి మలుపులో, మిట్టమధ్యాహ్నం ఎండలో, చొక్కా తడిసి ముద్దయిన మనిషి బరువుగా ఒక బండిని తోసుకుంటూ వస్తున్నాడు.

అన్నయ్య బండికి స్టాండు వేశాడు. కాళ్లూ చేతులూ కడుక్కుని లోపలికొచ్చాడు. తన కుర్చీ దాటి వెళ్లి, ఏడాదిగా ఖాళీగా ఉన్న కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. అతను గ్లాసెడు నీళ్లు గటగటా తాగి, మూతి తుడుచుకున్నాడు.

"డేగ ఎవరినీ రోడ్డు మీద వదిలెయ్యదు చెల్లీ," అన్నాడు.

సిస్టర్‌ అన్నం గిన్నె అతని వైపు జరిపింది. "మరి తోసుకుంటూ వచ్చావే?"

"అది బండి తప్పు కాదు. పెట్రోల్లో నీళ్లు కలిశాయి."

ఆమె కొంగుతో కళ్లు ఒత్తుకుంది. ఇప్పుడు తన వంతని ఆమెకు తెలుసు. ఆ వంతు వదిలేస్తే ఆ కుర్చీ మళ్లీ ఖాళీ అయిపోతుందని కూడా తెలుసు.

"నీళ్లు కలిసింది పెట్రోల్లో కాదన్నయ్యా," అంది, "నీ కంపెనీలో."

అన్నయ్య చెయ్యి గాల్లోకి లేచింది. వదిన గిన్నెలు తన వైపు లాక్కుంది.