ఎనభై ఆరు మోడల్‌కి చల్లగాలి

వేడి.

తారు రోడ్డు మీంచి లేచే వేడి. బానెట్ మీద నీళ్లలా వణికే వేడి. సీటుకి వీపు అంటుకుపోయే వేడి.

డేవిడ్‌సన్‌కి ఆ రోజు తలుచుకుంటే మొదట గుర్తొచ్చేది అదే. ఆ తర్వాతే అంబులెన్సు. ఆ తర్వాతే ఆస్పత్రి. ఆ తర్వాతే కూతురు అన్న మాట.

రెండేళ్ల కిందటి జూలై అది.

ఆయన భార్య జ్ఞానసుందరికి అప్పటికి నాలుగో కీమో అయింది. తల మీద జుట్టు లేదు. గొంతు మాత్రం మిగిలింది — ఓక్‌విల్ తెలుగు చర్చిలో ఆదివారం పాట ఎత్తుకునే గొంతు. ఆ ఉదయం కాఫీ కప్పు పట్టుకుని కిటికీ దగ్గర నిలబడింది.

"ఏవండీ, సార్నియా వెళ్లి ఆ సరస్సు చూసొద్దామా? మన పేరుపాలెం సముద్రంలా మట్టిరంగు కాదట. నీలంగా ఉంటుందట."

ఇంట్లో రెండు కార్లు. ఒకటి కొత్తది. రెండోది ఎనభై ఆరు మోడల్ నీలం కారు. కెనడా వచ్చిన ఏడాది ఒక ముసలాయన దగ్గర కొన్నారు. కూతురు జెస్లిన్ పుట్టినప్పుడు ఆస్పత్రి నుంచి ఇంటికి తెచ్చింది అందులోనే. మొదటిసారి నయాగరా చూసింది అందులోనే. చచ్చినా అమ్మనివ్వలేదు జ్ఞానసుందరి.

"దాన్లోనే వెళ్దాం," అంది.

దాని ఏసీ పోయి పదకొండేళ్లు.

ఒటావా నుంచి జెస్లిన్ ఫోన్ చేసింది. ఎండ ముప్ఫై ఆరు డిగ్రీలు, అమ్మ తట్టుకోలేదు, కొత్త కారు తీసుకెళ్లమంది. "అద్దాలు దించితే బోలెడు గాలి," అన్నాడు డేవిడ్‌సన్. నవ్వుతూ అన్నాడు.

నిజమే... బండి కదిలినంతసేపూ బోలెడు గాలి. ఆమె తలకి కట్టుకున్న స్కార్ఫ్ ఊడిపోతుంటే పట్టుకుని మరీ నవ్వింది.

స్ట్రాత్‌రాయ్ దాటాక బండి ఆగింది.

ముందెక్కడో లారీ బోల్తా పడింది. హైవే నిండా కదలని కార్లు. నీడ లేదు. గాలి లేదు. మిట్టమధ్యాహ్నం. పావుగంట... అరగంట... గంట. తెచ్చుకున్న నీళ్లు అయిపోయాయి. ఆయన న్యూస్‌పేపర్ మడిచి విసురుతూనే ఉన్నాడు.

"కాస్త చల్లగాలి వస్తే బాగుణ్ణు," అంది జ్ఞానసుందరి.

తల తలుపు వైపు వాల్చేసింది.

ఆ తర్వాత పదకొండు రోజులు ఆస్పత్రిలో ఉంది. ఇంటికి మళ్లీ రాలేదు. సరస్సు చూడలేదు. జబ్బే తీసుకెళ్లింది, ఎండ కాదు — డాక్టరు ఒకటికి రెండుసార్లు చెప్పింది. డేవిడ్‌సన్ నమ్మాలనుకున్నాడు. జెస్లిన్ నమ్మలేదు.

సమాధుల తోట నుంచి వచ్చిన సాయంత్రం, వంటింట్లో, నల్ల బట్టలింకా మార్చుకోకుండానే అంది.

"వన్ ఏసీ, డాడీ. జస్ట్ వన్ ఏసీ."

అంతే అంది. మర్నాడు ఒటావా వెళ్లిపోయింది. రోజూ వచ్చే ఫోను వారానికొకటయింది. వారానికొక ఫోను మెసేజీ అయింది. మెసేజీ ఒక్క మాటయింది — ఓకే.

ఓకే. ఓకే. ఓకే.

డేవిడ్‌సన్ ఇరవై రెండేళ్లు కార్ల ప్లాంట్‌లో చేసి రిటైరయ్యాడు. అక్కడ ఆయన పని ఏమిటంటే — కొత్త కార్లకి ఏసీ గొట్టాలు బిగించడం. నిమిషానికొక కారు. ఊరూ పేరూ తెలియని ఎంతమందికో చల్లగాలి పంపిన చేతులు అవి.

ఇంట్లో కారుకి మాత్రం ప్రతి మే నెలలోనూ ఒకే మాట. ఈ దేశంలో ఎండలెన్నాళ్లు... వచ్చే వేసవికి చూద్దాంలే.

వచ్చే వేసవికి. వచ్చే వేసవికి.

మొదటి మంచు పడ్డ వారం గరాజ్ తలుపు తీశాడు. బానెట్ ఎత్తాడు. టార్చి వేసి చూశాడు. కంప్రెసర్ బిగుసుకుపోయింది. గొట్టాలు పగిలాయి. కండెన్సర్‌కి చిల్లులు పడ్డాయి. ఒక్కొక్కదాని మీదా చెక్కిన నంబర్లు పాత కవరు వెనక రాసుకున్నాడు.

ఎందుకని ఎవరూ అడగలేదు.

డీలరు దగ్గరికి వెళ్తే, కౌంటర్లో కుర్రాడు కంప్యూటర్ చూసి తల అడ్డంగా ఊపాడు. ఆ పార్టులు చెయ్యడం మానేసి ఇరవై ఏళ్లు దాటిందట. పాత సామాన్ల షాపులన్నిటికీ ఫోన్లు చేశాడు. లేదు. పాత కార్లు పడేసే యార్డుల్లో మోకాళ్ల లోతు మంచులో నడిచాడు. తుప్పు... ముక్కలైన అద్దాలు... ఎవరిదో పిల్లల షూ. మానిటోబా నుంచి ఒకతను కంప్రెసర్ పంపాడు. డబ్బా విప్పితే అది వేరే మోడల్‌ది. తిరిగి పంపాడు. మళ్లీ వెతికాడు.

వాన్ అనే ఊళ్లో, గోదాముల వరసలో, చక్రధర్ షాపు దొరికింది. కరీంనగర్ నుంచి స్టూడెంట్‌గా వచ్చి, పాత కార్ల ఏసీలు బాగుచెయ్యడంలో స్థిరపడ్డవాడు. కవరు వెనక నంబర్లు ఓపిగ్గా చదివాడు.

"కంప్రెసర్ నేను విప్పి బాగుచేస్త, అంకుల్. గొట్టాలు కొత్తగ చేయిస్త. కండెన్సర్ వేరేది సర్దొచ్చు. కానీ డాష్‌బోర్డు లోపల కాయిల్ ఉంటది చూడండి, ఎవాపరేటర్... చల్లదనం పుట్టేది దాంట్లోనే. అది మాత్రం అచ్చం ఇదే మోడల్‌ది కావాలె. అదొక్కటి దొరికితే చాలు."

అదొక్కటి.

అదొక్కటి దొరకడానికి ఆరు నెలలు పట్టింది.

పాత కార్ల వాళ్లు రాసుకునే వెబ్‌సైట్‌లో ఎన్నిసార్లు అడిగాడో. చివరికి వీరభద్రం అనే ఆయన జవాబిచ్చాడు. పెట్రోకెమికల్ ప్లాంట్‌లో పైపుల పని చేసి రిటైరయ్యాడు. అదే మోడల్ కారు షెడ్డులో పడుంది, కింద తుప్పు తినేసింది కానీ లోపలి కాయిల్ బాగుంది అన్నాడు. "పార్సిల్ వేస్తే వంగిపోద్దండీ, డేవిడ్‌సన్ గారూ. మీరే వచ్చి పట్టుకెళ్లండి."

ఆయన ఊరు సార్నియా.

మూడు వారాలు వెళ్లలేకపోయాడు డేవిడ్‌సన్. అక్టోబరులో ఒక ఉదయం, కొత్త కార్లో, ఒక్కడే బయల్దేరాడు.

అదే రోడ్డు. అవే బోర్డులు. స్ట్రాత్‌రాయ్ దాటాక స్టీరింగ్ గట్టిగా పట్టుకున్నాడు. ఆ చోటు వస్తుంది... వస్తుంది... వచ్చేసింది. అక్కడ ఏమీ లేదు. మొక్కజొన్న కోసేసిన పొలం. దాని మీద కాకులు. రెండు నిమిషాల్లో దాటిపోయింది. గంటన్నర ఆగిన చోటు, రెండు నిమిషాల్లో.

వీరభద్రం భార్య కనకదుర్గ అన్నం పెట్టింది. మారు వడ్డించింది. వీరభద్రం కాయిల్‌ని దుప్పట్లో చుడుతూ మామూలుగా అడిగాడు.

"ఇంత తిరిగారు... మనకి ఎండలెన్నాళ్లని, డేవిడ్‌సన్ గారూ?"

తన మాటే. పదకొండేళ్లు తను అన్న మాటే ఇంకొకరి నోట.

"మా అమ్మాయి కోసమండీ," అన్నాడు. అన్నాకే తనకీ తెలిసింది.

సరస్సు ఇక్కడికి పది నిమిషాలే, చూసి వెళ్లమన్నారు వాళ్లు. అలాగేనన్నాడు. బండి మాత్రం అటు తిప్పలేదు. ఆమె చూడనిది తను ఒక్కడే ఎలా చూస్తాడు? దుప్పటి మూటని పక్క సీట్లో పెట్టాడు, బెల్టు పెట్టాడు, చీకటి పడక ముందే ఇల్లు చేరాడు.

మే నెలలో చక్రధర్ అన్నీ బిగించాడు. గ్యాస్ ఎక్కించాడు. ఇంజన్ తిప్పి బటన్ నొక్కాడు. ఎక్కడో టక్కుమంది. చిన్న చప్పుడు. ఆ తర్వాత — గాలి.

"మంచు లెక్క వస్తుంది, అంకుల్. చెయ్యి పెట్టి చూడండి."

డేవిడ్‌సన్ చెయ్యి పెట్టాడు. వెంటనే తీసేశాడు. బయటికి వెళ్లి, షట్టరు వెనక, చాలాసేపు అటు తిరిగి నిలబడ్డాడు. చక్రధర్ పానాలు సర్దుకోసాగాడు. పిలవకూడదని అతనికి తెలిసిపోయింది.

జూలైలో జ్ఞానసుందరి పోయిన రోజున జ్ఞాపకార్థ కూటం, చర్చివాళ్లతో ప్రార్థన. జెస్లిన్ రైల్లో వస్తానంది. స్టేషన్‌కి నీలం కారు తీసుకెళ్లాడు.

ఆ కారుని చూసి ఆమె ప్లాట్‌ఫాం మెట్ల దగ్గరే ఆగిపోయింది. తర్వాత వచ్చి కూర్చుంది. బ్యాగు ఒళ్లోనే పెట్టుకుంది. జెస్లిన్‌కి ఇప్పుడు అచ్చం తల్లి చేతులే... అదే పొడవు వేళ్లు.

డేవిడ్‌సన్ బండి రోడ్డెక్కించి బటన్ నొక్కాడు.

"ఫిక్స్ చేశావా?"

చెప్పాడు. అన్నీ చెప్పాడు. డీలరూ, మంచులో యార్డులూ, మానిటోబా డబ్బా, వాన్ ఊళ్లో చక్రధరూ, సార్నియాలో వీరభద్రమూ. పరీక్ష పాసైన పిల్లాడిలా ఆగకుండా చెప్పాడు. ఆమె వింటూనే ఉంది. వేళ్లు విప్పి గాలి ముందు పెట్టి, వింటూనే ఉంది. చేతి మీద రోమాలు లేచాయి.

"సో..." అంది. "ఇట్ వాజ్ పాజిబుల్."

కుదిరేదే అన్నమాట.

గొంతులో కోపం లేదు. కోపమైతే ఆయన ఓర్చుకునేవాడు.

రెండేళ్లు... క్షమించమని అడగడానికి మాట దొరక్క, ఆ మాటకి బదులు గాలిని పోగుచేశాడు. ఒక్కొక్క ముక్కా వెతికి, ఒక్కొక్క ఊరూ తిరిగి. తీరా ఆ గాలి వచ్చి ఆయన పక్షాన మాట్లాడలేదు. కుదిరేదే అంది. అప్పుడూ కుదిరేదే అంది. చల్లగా, ఆగకుండా అదే అంటోంది.

"పార్టులు దొరకవనుకున్నానమ్మా," అన్నాడు. ఆగాడు. "కాదు. వెతకలేదు. నేను అసలు వెతకనేలేదు."

జెస్లిన్ కళ్లు మూసుకుంది.

"ఆపు, డాడీ."

ఏది ఆపాలో ఆయనకి అర్థం కాలేదు. ఏసీ ఆపాడు. కారూ ఆపాడు. ఆమె దిగింది. తలుపు నెమ్మదిగానే వేసింది. బ్యాగు భుజానికి తగిలించుకుని ఇంటి దారిన నడవసాగింది. ఇంటికి ఇంకా మూడు కిలోమీటర్లు.

ఎండ.

పేవ్‌మెంట్ మీద ఎండ, ఆమె మెడ మీద ఎండ, చొక్కా వీపున మెల్లగా విచ్చుకుంటున్న చెమట మరక.

డేవిడ్‌సన్ అద్దాలన్నీ దించాడు. ఆమె పక్కనే, ఆమె నడకంత నెమ్మదిగా, కారు నడిపాడు. వెనక బళ్లవాళ్లు హారన్లు కొట్టి దాటిపోతున్నారు. ఆమె అటు చూడలేదు. వెళ్లిపొమ్మనీ అనలేదు.

సిగ్నల్ దగ్గర ఎర్ర లైటు పడింది.

ఇద్దరూ ఆగారు. ఆమె పేవ్‌మెంట్ అంచు మీద, ఆయన స్టీరింగ్ వెనక. మధ్య ఒక చెయ్యి చాపినంత దూరం. జెస్లిన్ మోచేత్తో నుదురు తుడుచుకుంది.

లైటు పచ్చగా మారింది.

ఆమె కదల్లేదు...

ఆయనా కదల్లేదు.