ఓబన్న అటు తిరిగిన పది నిమిషాలు

స్వర్ణలత తమ్ముడు ఓబన్న ఇరవై రెండు రోజులుగా ఒక గుడ్డుకు కాపలా కాస్తున్నాడు. ఈ మాట విని నవ్వని చుట్టం లేడు. ఆమె భర్త భూపేష్ అయితే కర్నూలులో తన మోటార్ల షాపుకు వచ్చిన రైతులందరికీ "మా బామ్మర్ది గవర్నమెంటోళ్ల కోడిపెట్ట" అని చెప్పి మరీ నవ్వించేవాడు.

నవ్వులాట సంగతి ఎలా ఉన్నా, ఓబన్నకు అది బతుకు సంగతి. నందికొట్కూరు అవతలి గడ్డి బీడులో మేకంత ఎత్తుండే బట్టమేక పిట్టలు ఏటేటా తగ్గిపోతున్నాయి. ఆ ఏడు, రెండువేల నాలుగులో, వానలు పడ్డాక అతని కంటబడింది ఒకే ఒక్క గుడ్డు. గూడూ లేదు, పుల్లా లేదు, ఒట్టి నేల మీద గుడ్డు. ఆరేళ్లుగా అటవీ శాఖలో రోజుకూలీ వాచరుగా నెట్టుకొస్తున్న ఓబన్నను రేంజరు పిలిచి, "ఈ పిల్ల బయటపడనీ, నిన్ను పర్మనెంటు చెయ్యమని నేనే రాస్తా" అన్నాడు. ఆ మాట నమ్ముకుని మైదుకూరు నుంచి వచ్చిన పెళ్లి సంబంధం కూడా ఒకటి ఆగి ఉంది.

వినాయక చవితి వెళ్లిన ఆదివారం, పిట్టను చూపిస్తానని ఓబన్న అక్కావాళ్లను రమ్మన్నాడు. షాపు వ్యానులో భూపేష్, స్వర్ణలత, ఆరేళ్ల కూతురు శ్రీవాణి, పండక్కని ఆలూరు నుంచి వచ్చిన అత్తగారు గురమ్మ బయలుదేరారు.

మంచె మీద ఓబన్న దుర్భిణి అందించాడు.

"ఆ తుమ్మచెట్టుకు ఎడం పక్క చూడక్కా. గడ్డిలో తెల్లగా మెడ కనపడతాండాదా?"

"కనపడతాండాది!" అంది స్వర్ణలత. శ్రీవాణి లాక్కుని చూసి, "మామా, అది నన్నే చూస్తాండాది" అని గుసగుసగా చెప్పింది.

గురమ్మకు మెడా కనపడలేదు, పిట్టా కనపడలేదు. "దీనికేనా ఇంత డీజిలు కాల్చుకోని వచ్చింది? మా చిన్నప్పుడు చేలల్లో పిట్టలు మందలు మందలు తిరుగుతాండె. ఎవరప్పా వాటికి కాపలా ఉండింది?"

"అప్పుడు మా ఓబన్న పుట్టలేదు కదమ్మా, అందుకే అన్నీ పోయినాయి" అన్నాడు భూపేష్.

ఓబన్న నవ్వాడు కానీ కళ్లు గడ్డి మీదే ఉన్నాయి. "మధ్యాన్నం అరగంట మేతకు లేస్తాది బావా. ఆ అరగంట నేను రెప్ప గూడ కొట్టను. కాకి గానీ, నక్క గానీ, ఉడుము గానీ, ఏది వచ్చినా అంతే సంగతులు."

మంచె కింద నీడలో చిత్రాన్నం, పెరుగన్నం తిన్నారు. ఓబన్న మాత్రం కంచం పైకి తెప్పించుకుని చూపు తిప్పకుండానే తిన్నాడు. అతను చెప్పినట్టే పిట్ట లేచింది. మెడ నిక్కించి నాలుగు పక్కలా చూసుకుని, తాపీగా నడుచుకుంటూ గడ్డిలో కలిసిపోయింది.

సరిగ్గా అప్పుడే గురమ్మ చెంబులో నీళ్లు పోసుకుని లేచింది.

"నేను అట్ల పోయొస్తా."

ఓబన్న ముఖంలో రంగు మారడం స్వర్ణలత చూసింది. ఏదో చెప్పబోయాడు. అక్క అత్తగారు, పెద్దామె, చేతిలో చెంబు. ఆమెకు ఏమని చెబుతాడు? "ఆ దిబ్బ పక్కకు పోండి అత్తా" అని మాత్రం అని, దుర్భిణి ఒళ్లో పెట్టుకుని వెనక్కి తిరిగి కూర్చున్నాడు. భూపేష్ కూడా తిరిగాడు. బావా బామ్మర్దులిద్దరూ పది నిమిషాలపాటు రోడ్డు వైపు చూస్తూ, బోర్లలో నీళ్లు ఎన్ని అడుగులకు పడుతున్నాయో మాట్లాడుకున్నారు. తన తమ్ముడికి మంచీ మర్యాదా తెలుసని స్వర్ణలత ఆ క్షణాన లోలోపల మురిసిపోయింది కూడా.

గురమ్మ కొంగు నడుముకు దోపుకుని తిరిగి వచ్చింది. కాసేపటికి అందరూ బయలుదేరారు.

ఇల్లు చేరి, కాళ్లు కడుక్కుని, శ్రీవాణికి బట్టలు మార్చేసరికి ఫోను మోగింది.

"అక్కా." ఓబన్న గొంతు. టీకొట్టు కాయిన్ బాక్సు దగ్గర లారీల రొద వినిపిస్తోంది.

"ఏందిరా? మాట్లాడు."

"గుడ్డు లేదక్కా."

స్వర్ణలతకు అర్థం కాలేదు. "లేకపోవడం ఏంది?"

"పిట్ట వచ్చింది. కూచుంటాది, లేస్తాది, మళ్లా ఆడనే కూచుంటాది. అనుమానమొచ్చి పోయి చూసినా. ఒట్టి నేల ఉండాది. నక్క జాడ లేదు, పెంకు ముక్క లేదు. నేను కన్ను తిప్పలేదక్కా! ఇరవై రెండు దినాలు కన్ను తిప్పలేదు. ఒక్క…" అని ఆగిపోయాడు. ఆ తర్వాత గొంతు తగ్గించి, "రేపు పొద్దున రేంజరు వస్తాండాడు" అన్నాడు. రూపాయి అయిపోయి ఫోను కట్టయింది.

రిసీవరు చేతిలోనే ఉంది. వంటింట్లోంచి టక్, టక్ అని చప్పుడు వస్తోంది. గిన్నె గోడకు ఏదో తగులుతున్న చప్పుడు.

స్వర్ణలత పరుగెత్తింది. పొయ్యి మీద గిన్నెలో నీళ్లు తెర్లుతున్నాయి. గురమ్మ స్టూలు వేసుకుని పక్కనే కూర్చుని ఉంది.

"వాణికి ఆయాసం కదా మ్మే, నెమిలి గుడ్డు పెడితే మూడు దినాల్లో లాగేస్తాది. నా అదృష్టం చూడు, దిబ్బ అవతల దిక్కూ మొక్కూ లేకుండా పడుండాది. మీకు కనపడకూడదని శానా దూరం పోయినాలే…"

ఆ తర్వాత మాటలు స్వర్ణలత వినలేదు. తెర్లుతున్న నీళ్లలోకి చెయ్యి పెట్టేసింది. గుడ్డు వేళ్లకు చిక్కింది, వేడికి జారింది, గట్టు బండ మీద పడి పగిలింది.

లోపల సొన లేదు. తడిసిన నూగు ఉంది. మూసుకున్న కన్ను, చిన్న ముక్కు, పొట్టకు ముడుచుకున్న కాళ్లు ఉన్నాయి.

గురమ్మ స్టూలు మీంచి లేచి, గోడ పట్టుకుని మళ్లీ కూర్చుంది. "నలభై ఏండ్లు కోళ్లను పొదిగేసినదాన్ని. ఒక్కసారి వెలుతురుకు పట్టి చూడకపోతినే!"

"అది నెమిలిది కాదత్తా. ఓబన్న పిట్టది."

"ఆ పిట్ట తుమ్మచెట్టు కాడ కదా ఉండేది?"

"దిబ్బ అవతలి నుంచి తిరిగి పోతే ఆడికే వస్తారు."

గురమ్మ కొంగుతో దాని మీది తడి అద్దింది. "మళ్లా పెడతాది లే" అంది, తనకు తానే చెప్పుకున్నట్టు.

"ఏడాదికి ఒకటే అత్తా."

"ఒకటేనా?" అంది గురమ్మ. మళ్లీ అడిగింది. "ఒకటేనా?"

చెయ్యి బొబ్బలెక్కుతున్న సంగతి స్వర్ణలతకు భూపేష్ వచ్చి కొళాయి కింద పెట్టేదాకా తెలియలేదు. విషయం విన్నాక అతను వంటింటి తలుపు దగ్గరకు వేశాడు.

"నక్క తినిందని రాసుకుంటారు. బీడులో నక్కలు లేవా? దీన్ని పూడ్చిపెట్టి ఊరుకో. అమ్మ మీద కేసు పెట్టిస్తావా ఏంది?"

"నక్క తిన్నా వాడు నిద్రపోయినాడనే రాస్తారు. వాడి పని పోతాది, సంబంధం పోతాది. మీ అమ్మకోసం నా తమ్ముణ్ణి దొంగను చేయమంటావా?"

"మరి నీ తమ్ముడి కోసం మాయమ్మను జైలుకు పంపమంటావా?"

ఆ రాత్రి ఆ ఇంట్లో ఎవరూ అన్నం ముట్టలేదు.

తెల్లవారి ఆరింటికి స్వర్ణలత తలుపు తీసేసరికి గురమ్మ వ్యానులో కూర్చుని ఉంది. ఒళ్లో పాత చీర ముక్కతో కట్టిన చిన్న మూట. "నీ మొగుడు రాకపోతే బస్సుకు పోదాం పా" అంది. భూపేష్ వచ్చి బండి తీశాడు.

మంచె దగ్గర రేంజరు పుస్తకం తెరిచి నిలబడి ఉన్నాడు. ఓబన్న నిన్నటి చొక్కాతోనే ఉన్నాడు.

"పది నిమిషాలు చూడలేదని నువ్వే అంటాండావు. ఎందుకు చూడలేదయ్యా? నిద్రపోయినావా?"

ఓబన్న నేల చూస్తున్నాడు.

"తాగినావా?"

ఓబన్న నోరు విప్పలేదు. స్వర్ణలతకు అప్పుడు తెలిసింది. వీడు చెప్పడు. పని పోయినా సరే, ఆ మాట వీడి నోట రాదు.

గురమ్మ వ్యాను దిగి నేరుగా రేంజరు ముందుకు నడిచింది.

"నేను చెంబు తీసుకోని గడ్డిలోకి పోయినా సారూ. ఈ అబ్బి అట్ల తిరిగినాడు. తిరక్కుండా ఏం జేస్తాడు? మీరైతే చూస్తారా?"

రేంజరు కలం ఆగిపోయింది. ఆయన దగ్గినట్టు చేసి టోపీ సర్దుకున్నాడు.

"గుడ్డు ఎత్తుకపోయింది నేనే. నెమిలిది అనుకున్నా. తప్పు నాది, రాసుకో. ఆలూరు గురమ్మ, మొగుడు పేరు తిమ్మయ్య." ఆమె మూట విప్పింది.

రేంజరు ఒకడుగు వెనక్కి వేశాడు. తర్వాత ఆమె చెప్పింది చెప్పినట్టు రాసి, వేలిముద్ర వేయించుకున్నాడు. "పైవాళ్లు కేసంటే రావాల్సి ఉంటాదమ్మా" అని, ఓబన్న వైపు తిరిగి, "పనిలోంచి తీయనులే. పర్మనెంటు మాట మాత్రం ఇంక నేను ఏ ముఖం పెట్టుకుని రాసేది?" అన్నాడు.

ఓబన్న అది విన్నాడో లేదో. మూట ముందు గొంతుక్కూర్చుని ఒక వేలితో ఆ నూగు సవరిస్తున్నాడు. "ఇంకో నాలుగు దినాలుంటే…" అని ఆపేశాడు.

వాడు తిడితే బాగుండుననిపించింది స్వర్ణలతకు. కాలిన చేత్తోనే వాడి భుజం పట్టుకుంది. కట్టు చూసి కూడా, ఏమైందక్కా అని వాడు అడగలేదు. ఎప్పుడొచ్చినా ఇంకో గంట ఉండి పొమ్మని చెయ్యి పట్టుకునే తమ్ముడు, మెల్లగా ఆమె చెయ్యి తీసి పక్కన పెట్టాడు.

"బండి తీయమనక్కా" అన్నాడు గడ్డి వైపు చూస్తూ. "మీరుంటే పిట్ట రాదు."