ఎవరి తప్పూ లేదు

వర్ధన్నపేట రోడ్డు మీద ఒక విదేశీ కంపెనీకి మా కంపెనీవాళ్లు ఫ్యాక్టరీ కడుతున్నారు. ఆ కాంట్రాక్టు కాగితాలు చూసుకునే ఉద్యోగం నాది. అందులో ఫోర్స్ మెజూర్ అని ఒక క్లాజు ఉంది. ఎవరి చేతిలోనూ లేని ఆపద వచ్చి పని ఆగిపోతే, ఆలస్యానికి జరిమానా ఉండదు. ఒకటే షరతు, ఆ ఆపద మనం చేతులారా తెచ్చుకున్నది కాకూడదు. మంచి ఏర్పాటే. వరదొస్తే దేవుడి మీదికి తోసేయొచ్చు. ఆయన తిరిగి జవాబు రాయడు కదా!

వరద వచ్చింది. పునాదుల గోతిలో పంపులు నడిపే ఉబేద్ అందులో పోయాడు. శవం దొరికినప్పుడు నేను సైటులోనే ఉన్నాను. అందరూ ఏడ్చారు. నాకు ఏడుపు రాలేదు. నేరుగా ఆఫీసుకు వెళ్లి నోటీసు టైపు చేశాను. గడువులోగా పంపకపోతే క్లాజు చెల్లదు మరి. అందులో ఒక్క అక్షరం కూడా తప్పు పోలేదు. ఆ రోజు నుంచీ అన్నం తింటే రుచి తెలియడం లేదు, ఎవరైనా పలకరిస్తే రెండోసారికి గానీ వినబడడం లేదు.

మా ప్రాజెక్టు మేనేజర్ రాజేశ్వర్ రావు గారు, నేను శివనగర్‌లోని ఉబేద్ వాళ్లింటికి పరామర్శకు వెళ్లాం. ఉబేద్ తండ్రి జహీరుద్దీన్ చాచాకు మోటార్ వైండింగ్ దుకాణం ఉంది. కొడుక్కి పంపుల పని నేర్పింది ఆయనే. వరండాలో కుర్చీలు వేయించి, మాకు చాయ్ తెప్పించాడు. రాజేశ్వర్ రావు గారు ఆయన రెండు చేతులూ పట్టుకుని తల వంచుకున్నారు.

"అల్లా మర్జీ సాబ్. ఎవల తప్పు లేదు. మీరు ఫికర్ చేయకున్రి" అన్నాడు చాచా.

పరామర్శకు వచ్చినవాళ్లతో అలా అనడం మా ఓరుగల్లులో మర్యాద. మా ఇళ్లలోనైతే "రాసిపెట్టున్నది, ఎవలేం జేస్తరు" అంటాం. కడుపు మండిపోతున్నా సరే, గడపలోకి వచ్చిన మనిషిని బరువుతో తిప్పి పంపం.

కొన్నాళ్లకు విదేశీ కంపెనీ నుంచి ప్రశ్నలు వచ్చాయి. వాగునీళ్లు గోతిలోకి రాకుండా పోసిన మట్టికట్ట ఎలా తెగింది? వరదకు ముందే ఎవరైనా దాన్ని కోశారా? చనిపోయిన మనిషి కుటుంబం ఏమంటోంది? కట్ట గురించి సైటులో గుసగుసలు నా చెవిన పడకపోలేదు. నాది కాగితాల పని అనుకుని ఊరుకున్నాను.

"ముసలాయన ఎవల తప్పు లేదన్నడు కద సుభాషిణీ. నువ్వు సుత విన్నవు. గదే రాసి సంతకం తీస్కరా. సాక్షిగ నువ్వే పెట్టు" అన్నారు రాజేశ్వర్ రావు గారు.

టైపు చేశాను. వేళ్లు వాటి పాటికి అవే నడిచాయి.

ఒక్కదాన్నే మళ్లీ శివనగర్ వెళ్లి, వరండాలో చాచాకు కాగితం చదివి వినిపించాను. ఆయన కాగితం ఒళ్లో పెట్టుకున్నాడు. కళ్లజోడు సర్దుకుని పెన్ను అందుకున్నాడు.

"మామా, జర ఆగున్రి." లోపలి గది పరదా వెనక నుంచి ఉబేద్ భార్య నుస్రత్ గొంతు. "అక్కా, లోపలికి రాన్రి."

ఆమె ఇద్దత్‌లో ఉంది. భర్త పోయిన ఆ నాలుగు నెలల పది రోజులూ పరాయి మగవాళ్ల ఎదుటికి రాదు. ఆడదాన్ని, నాకు అడ్డం లేదు. అయినా మొన్న వచ్చినప్పుడు మేనేజర్ పక్కన కుర్చీలో కూర్చుని చాయ్ తాగి, ఆమెను పలకరించకుండానే వెళ్లిపోయాను.

నుస్రత్ గోడకు ఆనుకుని కూర్చుంది. "ఎవల తప్పు లేదని మామ అన్నడు. నేను అనలే. నన్ను ఎవ్వలు అడగలే" అంది.

"ఇప్పుడు అడుగుతున్నా. చెప్పు."

"లారీలు దిగనీకి కట్ట కోసిన్రక్కా. వానపడితె వాగు ఇటే తిరుగుతదని ఆయన మొత్తుకున్నడు. ఆ దినం నాకు ఫోన్ జేసిండు. నీళ్లొస్తానయ్, పైకెక్కుతా అంటే సారు వద్దన్నడంట. పంపులు మునిగితె నీదే జిమ్మేదారి, ఆడనే ఉండు అన్నడంట."

"ఏ సారు?"

"మొన్నొచ్చి మామ చేతులు పట్టుకున్నాయనే."

వరండాలో కుర్చీ కిర్రుమంది. చాచా పరదా దగ్గరికి వచ్చాడు.

"గీ ముచ్చట నాకు చెప్పకపోతివి బిడ్డా?"

"మీరు అప్పటికే మాఫ్ చేసిన్రు మామా. మీ మాట ఎట్ల తీసెయ్యాలె?"

చాచా పెన్నూ కాగితమూ పరదా కింది నుంచి నా వైపు జరిపాడు.

"ఇంటికొచ్చిన మనిషికి చెప్పిన మాటమ్మా అది. కాగితానికి చెప్పలే" అన్నాడు.

కాగితం వెనక్కి తిప్పి, నుస్రత్ చెప్పింది చెప్పినట్టు రాశాను. చదివి వినిపించాను. ఆమె ఉర్దూలో సంతకం పెట్టింది. దాని కింద చాచా పెట్టాడు. సాక్షి అని రాసి నేను పెట్టాను.

ఇంతలో రాజేశ్వర్ రావు గారి ఫోన్. "అయిందా?"

"అయింది సార్. కట్ట కోసిన సంగతి, మీరు పైకి రావద్దన్న సంగతి నుస్రత్ చెప్పింది. రాసుకున్నాను."

"ఎవల ఉప్పు తింటున్నవో యాదికున్నదా?" అన్నారు.

"ఉన్నది సార్" అని పెట్టేశాను. రేపటి నుంచి ఆ ఉప్పు ఉండదని తెలుసు. భయం వేయాలి, వేయలేదు.

నుస్రత్‌కు తెలుగు చదవడం రాదు. కాగితం నా చేతిలోంచి తీసుకుని, అటూ ఇటూ చూసి, "పైకెక్కుతా అన్నది యాడున్నదక్కా?" అని అడిగింది.

చూపించాను. ఆ మాట మీద వేలు పెట్టి, తీయకుండా అలాగే కూర్చుంది.

అప్పుడు ఏడ్చాను.