ఎడమ జేబు

బచ్చన్నపేట దగ్గరి ఒక బడిలో నేను జీవశాస్త్రం చెబుతాను. పిల్లలు నాకు పెట్టిన పేరు జేబు సారు. కుడిచేత్తో బోర్డు మీద రాసేటప్పుడు నా ఎడమచెయ్యి ప్యాంటు జేబులో ఉంటుంది. చూసినవాళ్లు దర్జా అనుకుంటారు. నేనూ అనుకోనిచ్చాను. అసలు సంగతేమిటంటే, కుడిచెయ్యి ఏది రాస్తే ఎడమచేతి వేళ్లూ అదే రాస్తాయి. చిన్నప్పుడు మా అవ్వ, అంటే నన్ను కన్న తల్లి గట్టమ్మ, ఆ చేతి మీద నాలుగు దెబ్బలేసి, జేబులో పెట్టుకొమ్మంది. దాంతో మానిపోయిందని ఆమె నమ్మకం.

మా పూజకు ఐదేళ్లు. రెండున్నరేళ్లకు నడిచింది. మాటలు ఇంకా కూడబలుక్కుంటుంది. ఒక చేత్తో గ్లాసు ఎత్తితే రెండో చెయ్యీ లేస్తుంది, పక్కనున్నదేదో పడిపోతుంది. దీనికి అవ్వ కారణం కనిపెట్టింది. పూజ కడుపులో ఉండగా సూర్యగ్రహణం నాడు నా భార్య రజిత దోసకాయ కోసిందట. కడుపుతో ఉన్నవాళ్లు గ్రహణం పూట కత్తి ముట్టకూడదు కదా! పిల్ల నడవడం ఆలస్యమైనప్పటి నుంచి మా ఇంట్లోకి దోసకాయ రాలేదు. వచ్చిన ప్రతి చుట్టానికీ అవ్వ ఆ కథ చెప్పేది. రజిత తల వంచుకుని చాయ్ ఇచ్చేది.

కథలో అవ్వకు తెలియని ముక్క ఒకటుంది. ఆ రోజు కోయమన్నది నేను. "గ్రహణమంటే నీడ, గంతే. నాకు ఆకలైతుంది, కొయ్యి" అని ఉపన్యాసమిచ్చాను. అవ్వ కేకలేస్తూ వచ్చేసరికి పేపరు చదువుకుంటున్నాను. పదో తరగతికి బఠాణీ మొక్కల మీద అనువంశికత పాఠం పదకొండేళ్లుగా చెబుతున్నవాణ్ణి, నా ఇంట్లో నేరం దోసకాయ మీద పడితే హాయిగా కూర్చున్నాను.

చివరికి రజితే పోరుపెట్టి హైదరాబాద్‌లో ఒక పెద్ద దవాఖానకు తీసుకెళ్లింది. డాక్టరమ్మ పరీక్షకు ఒప్పుకున్నట్టు సంతకం పెట్టమంది. "రెండు చేతులూ బల్ల మీద పెట్టండి సార్" అంది. పెట్టాను. కుడిచెయ్యి యుగేందర్ అని రాస్తుంటే ఎడమచెయ్యి ఖాళీ బల్ల మీద ఇంకో యుగేందర్‌ను రాసింది. ఆమె ఆ చేతిని చూసి, ముగ్గురి రక్తమూ తీయించింది.

కొన్ని వారాలకు రిపోర్టు వచ్చింది. డాక్టరమ్మ కాగితం మీద మెదడు గీసి చెప్పింది. కుడిచేతికి ఆజ్ఞ మెదడు ఎడమ సగం నుంచి వస్తుంది. ఆ నరాలు తల్లి కడుపులో పెరిగేటప్పుడే అటువైపుకు దాటాలి. దాటే దారి చూపే జన్యువుల్లో ఒకటి మారితే కొన్ని నరాలు ఇవతలే ఉండిపోతాయి. కాజీపేటలో పట్టాలు మారని బండి లాగా అన్నమాట. అప్పుడు ఒక చేతికి పంపిన ఆజ్ఞ రెండు చేతులకూ అందుతుంది. ఒకే మార్పు ఒకరిలో చేతితో ఆగిపోవచ్చు, ఇంకొకరిలో నడక, మాట దాకా పోవచ్చు.

"ఇది తండ్రి నుంచి వచ్చింది. ఎవరి తప్పూ కాదు. చేతులకు ఓపిగ్గా పని నేర్పించండి, పాప మెరుగవుతుంది" అంది.

తిరుగు బస్సులో పూజ నిద్రపోయింది. నేను గొంతు సవరించుకున్నాను. "రజితా, నాకు చిన్నప్పటి సంది..."

"నాకెర్కనే" అంది రజిత, కిటికీ వైపే చూస్తూ. "ఏడేండ్ల సంది నీ ప్యాంట్లు ఉతుకుతున్న. ఎప్పుడు జూసినా ఎడమ జేబే చినుగుతది. ఎన్నిసార్లు కుట్టిన్నో!"

పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగుతూ తననెవరూ చూడలేదనుకుంటుందట. ఆ పిల్లిని నేనే.

"మరి ఎన్నడు అడగకపోతివి?"

"నువ్వే చెప్తవని చూసిన. ఇయ్యాలన్న అత్తమ్మకు చెప్పు."

చెబుతానన్నాను. చెప్పలేదు. "ఏమన్నరు బిడ్డా?" అని అవ్వ అడగగానే నా చెయ్యి దానంతటదే జేబులో దూరింది. "ఏందో పెద్ద పెద్ద మాటలు చెప్పిన్రు అవ్వా" అన్నాను. "గాళ్లకేం ఎర్క, దోసకాయ సంగతి" అంది అవ్వ. రజిత పూజను ఎత్తుకుని లోపలికి పోయింది. నా మీద నాకే అసహ్యం వేసింది. అయినా అన్నం రెండుసార్లు పెట్టించుకున్నాను.

పొద్దున బడికి తయారై జేబులో చెయ్యి పెట్టబోతే దారి లేదు. ఎడమ జేబు మూతి కుట్టేసి ఉంది. ఇంకో ప్యాంటు తీశాను. అదీ అంతే. ఉన్న నాలుగింటికీ నల్లదారంతో గట్టి కుట్లు.

బయట పూజ పాలగ్లాసుతో తంటాలు పడుతోంది. అవ్వ కూరగాయలు ముందేసుకుని కూర్చుంది. రజిత గుమ్మంలో నిలబడి నన్నే చూస్తోంది. నేను చాయ్ గ్లాసు ఎత్తాను. దాక్కునే చోటు లేక ఎడమచెయ్యి కూడా, లేని గ్లాసును పట్టుకుని, నోటి దాకా లేచింది.

పూజ చూసింది. "బాపు... నా లెక్కనే!" అని పడీపడీ నవ్వింది. పాలన్నీ ఒలికిపోయాయి. తన చేతి లాంటి చెయ్యి ఇంకొకటి ఉందని ఆ పిల్లకు ఐదేళ్లుగా తెలియదు. పక్కనే పెట్టుకుని నేనే దాచాను. ఏడుపొచ్చింది నాకు.

"అవ్వా, గిది నా నుంచి వచ్చింది. ఆనాడు దోసకాయ కొయ్యుమన్నది గూడ నేనే."

అవ్వ నా చేతి వంక చూస్తూ ఉండిపోయింది. "గది నేను ఎప్పుడో మాన్పించిన గదరా" అంది మెల్లగా.

ఆ గొంతు వినలేక బస్సుకు టైమైందని పారిపోయాను. టిఫిన్ డబ్బా కూడా మరిచాను. బడిలో నా రెండు చేతులూ ఊగుతుంటే పిల్లలు కాసేపు నవ్వారు, తర్వాత విసుగొచ్చి రాసుకున్నారు. ముప్పై ఏళ్లు నేను దాచిన రహస్యం ఒక పీరియడ్ కూడా నిలవలేదు.

మధ్యాహ్నం మా ఊరి ఆటోలో డబ్బా వచ్చింది. తెరిస్తే దోసకాయ కూర. ముక్క ఒకటి లావు, ఒకటి సన్నం. రజిత కోస్తే ముక్కలన్నీ ఒక్క తీరుగా ఉంటాయి. ఇవి అవ్వ కోసినవి.