నాన్న కాలి కింది బ్రేకు

పాత కార్ల షాపులో నాన్న పేచీలకు కూతురు తల పట్టుకుంది. ఆయన ఇరవై ఏళ్లుగా డ్రైవింగ్ మాస్టారు. నేర్పే కారులో పక్క సీటు వైపు కూడా ఒక బ్రేకు ఉంటుంది. పద్దెనిమిదేళ్ల కూతురికి మొదటి కారు ఎంచడానికొచ్చి, ఆమె నడుపుతుంటే పక్కన కూర్చుని, మలుపు మలుపుకీ కాలితో నేలను తొక్కుతున్నాడు.

"దీనికీ బ్రేకులు పడట్లేదు!" అని మూడు కార్లకూ వంక పెట్టేసరికి షాపాయన మొహం కందగడ్డయింది.

అసలు సంగతి కూతురు పసిగట్టింది. మొదటి కారే మళ్లీ తీయించి, "నాన్నా, ఈసారి వెనక కూర్చో" అంది. వెనక సీట్లో ఆయన కాళ్లు చాపడానికే చోటు లేదు. సిగ్నల్ దగ్గర కారు మెత్తగా ఆగింది.

తిరిగొచ్చి దిగుతూనే నాన్న షాపాయన భుజం తట్టాడు.

"అలా దారికి రండి! గంటలో బ్రేకులు ఎంత బాగా చేయించారండీ!"