మునిరాజ్ అడిగిన ల్యాప్‌టాప్

పదకొండు నెలలుగా గోడవైపు తిరిగి పడుకున్న కొడుకు నోరు తెరిచి ఒక వస్తువు అడిగితే ఏ తండ్రి కాదనగలడు? అంజప్ప ఆ వారమే రెండు పాడి ఆవుల్ని సంతకు తోలాడు. భార్య సాకమ్మ అడ్డు చెప్పలేదు. ఆవులు లేని కొట్టం ఊడ్చి, తన పని తాను చూసుకుంది.

తమిళసీమలోని తమ ఊరినుంచి పాలకోడు మార్కెట్టుకు టమాటా లోడు మీద కూర్చుని పోతూ, మలుపులో కిందపడి మునిరాజ్ నడుం విరగ్గొట్టుకున్నాడు. నడుము కింద స్పర్శ లేదు. సూది గుచ్చినా తెలియదు. మళ్ళీ వస్తుందా అని అడిగినప్పుడల్లా డాక్టరు కాగితాల్లోకి తల దూర్చేవాడు. అంజప్ప మాత్రం ఇంటికొచ్చి, తప్పకుండా వస్తుందంట అని చెప్పేవాడు. పిచ్చి మనిషి, అబద్ధమాడటం కూడా సరిగా రాదు. అయినా అన్నిసార్లు చెప్పేసరికి ఆయనే నమ్మడం మొదలుపెట్టాడు.

మునిరాజ్ అడిగింది పెద్ద కోరికేం కాదు. ఇంట్లోంచే బిల్లులు టైపు చేసే పని ఒకటి దొరికేలా ఉంది. సాయంత్రం కాసేపు స్నేహితుడు గోకుల్‌తో ఆన్‌లైన్‌లో ఆడుకోవాలి. ధర్మపురిలో కంప్యూటర్ చదువు చదువుతున్న చెల్లెలు మోనిషా రెండు రోజులు ఫోనులో వెతికి చీటీ రాసింది. పదహారు జీబీ ర్యామ్, ఐదొందల పన్నెండు జీబీ ఎస్‌ఎస్‌డి, మధ్యరకం ప్రాసెసర్. వాడు ఆడే చిన్న ఆటలకు వేరే గ్రాఫిక్స్ కార్డు అక్కర్లేదు. అన్నిటికన్నా పైన, బరువు తక్కువగా ఉండాలి, వేడెక్కకూడదు అని రాసుకుంది. పిల్ల తెలివైనది, అన్నీ సరిగ్గానే రాసింది.

అంజప్ప, మోనిషా కలిసి ధర్మపురి బజారుకు పోయారు. అంగడిలో గుణశేఖరన్ అనే అబ్బాయి రెండు ల్యాప్‌టాప్‌లు ముందు పెట్టాడు. మొదటిది అచ్చం చీటీలో ఉన్నదే. చూసేవాళ్ళ కోసం పొద్దుటినుంచి ఆన్ చేసి పెట్టారు. రెండోది అప్పుడే పెట్టెలోంచి తీశాడు. దానికి గ్రాఫిక్స్ కార్డు విడిగా ఉంది, బరువూ ఎక్కువే. ఆట ఆడేటప్పుడు దీని అడుగు బాగా కాలుతుంది, మేజాబల్ల మీదే పెట్టుకోవాలి అని తమిళంలో చెప్పాడు.

అంజప్పకు ర్యామ్ తెలియదు. నలభై ఏళ్ళుగా పశువులు కొని అమ్మిన మనిషి. చెవి మొదట్లో చేయి పెట్టి జ్వరం ఉన్నదీ లేనిదీ చెప్పగలడు. వంగి, వేళ్ళ వెనకవైపుతో మొదటి దాని అడుగు తాకి చూశాడు. రెండోదాన్నీ తాకాడు.

“దీనికి జ్వరం ఉండాది పాపా, వద్దు. అది చూడు, చల్లగా ఉండాది. ఒళ్ళు కూడా గట్టిగా ఉండాది.”

గుణశేఖరన్ పకపకా నవ్వాడు, పక్కవాళ్ళూ నవ్వారు. ఇది పొద్దుటినుంచి నడుస్తోంది నాయనా, దాన్నింకా ఆన్ చేయనే లేదు అని చెప్పబోయింది మోనిషా. కానీ అంతమంది నవ్వుతుంటే తానూ తండ్రిని తప్పు పట్టడానికి మనసొప్పలేదు. పైగా రెండోదాంట్లో అన్నకు ఆట బాగా నడుస్తుంది కదా అని సర్దిచెప్పుకుంది. చదువుకున్న పిల్లకు సరిగ్గా ఆ నిమిషంలోనే మొహమాటం అడ్డు రావాలా? రెండోదే కొన్నారు.

మంచానికి అడ్డంగా పెట్టే బల్ల శుక్రవారం తెస్తానన్నాడు వడ్రంగి. అందాకా టైపు మాత్రమే చేయి, ఆట వద్దు అని మోనిషా మరీ మరీ చెప్పింది. మునిరాజ్ తల ఊపాడు.

గురువారం మధ్యాహ్నం గోకుల్ ఆటకు పిలిచాడు. ఇంట్లో ఎవరూ లేరు. మునిరాజ్ ల్యాప్‌టాప్‌ను తొడల మీదికి లాక్కున్నాడు. కట్టెల మోపుతో వచ్చిన సాకమ్మకు లోపలినుంచి కొడుకు నవ్వు వినిపించింది. ఎన్నాళ్ళకు విన్నదో ఆ నవ్వు! లోపలికి పోతే ఎక్కడ ఆగిపోతుందోనని వాకిట్లోనే కూర్చుండిపోయింది. సాయంత్రం కొడుకు లుంగీ మారుస్తుంటే గుడ్డతోపాటు తొడల మీది తోలు ఊడి వచ్చింది.

లోపలిదాకా కాలింది, వేరేచోటి చర్మం తీసి అతకాలి, అదీ పట్టుకుంటుందని చెప్పలేం అన్నారు ఆస్పత్రిలో. అంజప్ప మంచం కాళ్ళవైపు కూర్చుని కొడుకు పాదం పట్టుకున్నాడు. తప్పంతా తనదేనన్నాడు. ఏమీ తెలియకుండా తానే ఏరి తెచ్చానన్నాడు. మునిరాజ్ తల అడ్డంగా ఊపాడు.

“చేతులకు వేడి తెలిసింది నాయనా. కింద ఇంకా కాల్తా ఉంటుందని తెలుసు.”

“తెలిసీ ఏల తీయలేదురా?”

“కాళ్ళకు తెలుస్తుందేమో చూద్దామని ఉంటిని. ఆట అయిపోయినాక కూడా అట్లే పెట్టుకోనే ఉంటిని. తెలియలేదు.”

అంజప్ప పాదం మీదనుంచి చేయి తీశాడు. లేచి తలవైపు వచ్చి, తాకితే తెలిసే చోట, ఆ చేయిని కొడుకు అరచేతిలో పెట్టాడు.